కుడి చివరి గడి

సుద్దముక్కతో హైడ్రోజన్ తయారు చేయగల మనిషి ఆ మండలంలో జగన్నాధం మాస్టారు ఒక్కరే. నల్లబల్ల మీద ముందు కుప్పె గీస్తారు. దాని మూతికి బిరడా, బిరడాలోంచి వంపు తిరిగిన గాజు గొట్టం, గొట్టం చివర నీళ్ల తొట్టి, తొట్టిలో బోర్లించిన జాడీ. కుప్పె అడుగున నాలుగు జింకు ముక్కలు పడేసి, పైన ఆమ్లం ఉన్నంత మేరా సుద్దతో నింపుతారు. అప్పుడు చూపుడువేలు తడిచేసుకుని ఆ తెలుపు మీద చుక్కలు చుక్కలుగా అద్దుతారు. బుడగలు పైకి లేస్తున్నట్టే ఉంటుంది.

"సారు గీసిన గొట్టం కాడ అగ్గిపుల్ల ఎడితే టప్పుమంటాది" అని పిల్లలు చెప్పుకుంటారు. అసలు గొట్టం దగ్గర అగ్గిపుల్ల పెట్టి చూసిన పిల్లలు ఆ బడిలో ఒక్కరూ లేరు.

కళింగపట్నం నుంచి లోపలికి మూడు మైళ్లు వస్తే జాలారిమెట్ట. ఉన్నత పాఠశాలలో సగం మంది వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు, సగం మంది వరీ వేరుశనగా పండించుకునే ఇళ్ల పిల్లలు. మాస్టారికి యాభై ఎనిమిదేళ్లు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఇది ఐదో బడి. వచ్చి ఏడేళ్లయింది. ఎనిమిదేళ్లు నిండితే ఎవరినీ ఒక్కచోట ఉంచరు కాబట్టి వచ్చే వేసవికి బదిలీ ఖాయం.

ఆయన పుట్టింది ఆమదాలవలస దగ్గర ఒక వరి రైతు ఇంట్లో. తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు పట్టకారుతో మెగ్నీషియం తీగ పట్టుకుని వెలిగించారు. ఆ తెల్లటి వెలుగు మచ్చ రెండు రోజులు కళ్లలో ఉండిపోయింది. పొలానికి వెళ్లినా, అన్నం ముందు కూర్చున్నా అదే మచ్చ. తనకు వ్యవసాయం వద్దని ఆయన తేల్చుకున్నది ఆ రెండు రోజుల్లోనే. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇంజెక్షన్ సీసాలు కడిగి పరీక్షనాళికలుగా వాడేవారు. మందారపూలు కాగితాల మీద రుద్ది ఆరబెట్టి, నిమ్మరసంలో ఒకటి, సున్నం నీళ్లలో ఒకటి ముంచమని పిల్లలకిచ్చేవారు. జాలారిమెట్ట వచ్చిన మొదటి ఏడాది ఇక్కడా కొంత చేశారు. ప్రయోగశాల అనే గది ఒకటుండేది. రెండు బీరువాలు, ఒక రాతి బల్ల.

మరుసటి అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఆ గది రేకులు ఎత్తుకుపోయింది. బీరువాలో గాజు సామాను గాజు పెంకులయింది. కొన్నాళ్లకు కొత్త రేకులు వచ్చాయి గాని, వాటి కిందకు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు వచ్చి చేరాయి. సామాను కావాలని మాస్టారు మూడు అర్జీలు పెట్టుకున్నారు. జవాబు రాలేదు. సుద్దముక్క ఆ తర్వాత వచ్చింది. నిజం చెప్పుకోవాలంటే పసుపుతో, సున్నంతో, కొవ్వొత్తితో చేయగలిగినవి పాతిక ఉంటాయి. ఆయన చేయలేదు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపడం, గుడ్ల లెక్క ఫోనులో ఎక్కించడం అయ్యేసరికి సగం పూట అయిపోయేది. మిగిలిన సగానికి సుద్దముక్క సుఖంగా ఉండేది.

తుపాను మరుసటి ఏడాది తనిఖీ బృందం వచ్చింది. అందులో ఒక అధికారి తొమ్మిదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చున్న ధనలక్ష్మిని లేపాడు.

"పరీక్షనాళిక ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా అమ్మా?"

"నేదండి. సారు గీత్తారండి. సానా బాగా గీత్తారండి."

ఆ పిల్ల మాస్టారిని మెచ్చుకుంటున్నాననే అనుకుంది. వారం తిరక్కుండా మెమో వచ్చింది. ప్రయోగాలు ఎందుకు చేయించడం లేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. గదికి ఇంకా రేకులు రాలేదని మాస్టారు రాశారు. స్థానికంగా దొరికే వస్తువులతో ఎందుకు చేయించలేదని తిరుగు ప్రశ్న వచ్చింది. అది సరైన ప్రశ్నే కావడం ఆయనను ఎక్కువ బాధించింది.

ధనలక్ష్మిని ఆయన తిట్టలేదు, కొట్టలేదు. పదో తరగతి అయ్యేవరకూ ఆ పిల్లను మరో ప్రశ్న అడగలేదు, అంతే. చెయ్యెత్తితే పక్క పిల్లను లేపేవారు. కొన్నాళ్లకు ఆ పిల్ల చెయ్యెత్తడం మానేసింది. పదో తరగతి తర్వాత చదువూ మానేసి కళింగపట్నం ఒడ్డున ఎండుచేపల పనికి పోతోంది.

మెమో వచ్చిన వారంలోనే మాస్టారు తరగతికి ఒక సూత్రం నేర్పారు. "బయటివాళ్లు ఏ కాగితమిచ్చినా బుర్ర పెట్టొద్దు. ప్రతి ప్రశ్నకీ కుడి పక్క చివరి గడిలో టిక్కు పెట్టీండి. అది మంచి గడి."

అందులో అబద్ధం లేదు. భోజనం ఎలా ఉంది, బూట్లు సరిపోయాయా, తాగునీరు శుభ్రంగా ఉందా అంటూ బడికి వచ్చే ప్రతి కాగితంలోనూ 'చాలా బాగుంది' అనేది కుడి చివరే ఉండేది. పిల్లలకు ఇంత తేలికైన సూత్రం అంతకుముందెవరూ చెప్పలేదు. పదో తరగతి వాళ్లు వెళ్లిపోతూ తొమ్మిదో తరగతికి పాత గైడ్లతో పాటు దీన్నీ అప్పగించేవారు. దానికొక సైగ కూడా పుట్టింది. కాగితాలు పంచుతుండగా తరగతి లీడరు లేచి కుడి చెవి పట్టుకుంటుంది. అందరికీ అర్థమైపోతుంది. అయిదేళ్లలో జాలారిమెట్ట బడి మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. సూత్రం తన పాటికి తాను నడిచిపోతుంటే మాస్టారు దాన్ని మరిచిపోయారు.

ఈ ఏడాది జులైలో అనూరాధ అనే అమ్మాయి బడికి వచ్చింది. విజయనగరం పిల్ల. సైన్సు తరగతుల గురించి పిల్లలు ఏమనుకుంటున్నారో కొలవడం ఆమె పరిశోధన. ఆమె వెనక ఒక ట్రస్టు ఉంది. జిల్లాలో నలభై బళ్లు చూసి, అందులో పన్నెండింటికి ప్రయోగశాల కట్టి, సామానిచ్చి, మూడేళ్లపాటు ఒక సహాయకుణ్ణి కూడా పెడతారట. హెడ్మాస్టరు రమేష్‌బాబు గదిలో కూర్చుని ఆ అమ్మాయి రెండు కాగితాలు బల్ల మీద పరిచింది.

"తెల్ల కాగితం, మీ సైన్సు తరగతి ఇప్పుడు ఎలా ఉందని అడుగుతుందండి. పసుపు కాగితం, ఎలా ఉంటే బాగుంటుందని అడుగుతుంది. రెండింట్లోనూ అవే ముప్పై అయిదు ప్రశ్నలు. తెలుపుకీ పసుపుకీ తేడా ఎంతో తీస్తాం. తేడా ఎక్కువున్న బళ్లకి ప్రయోగశాల ముందు వస్తుంది."

రమేష్‌బాబు కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే బాగునేనోళ్లకే పెద్దపీట. ఇదేదో మనకి కలిసొచ్చీటట్టే ఉన్నాది."

"రెండు షరతులండి. రాసేటప్పుడు సైన్సు మాస్టారు గదిలో ఉండకూడదు. ప్రయోగశాల సంగతి పిల్లలకి ముందుగా చెప్పకూడదు. ఇక్కడ ఇద్దరూ సంతకం చెయ్యాలి."

ఇద్దరూ చేశారు. ఆమె వెళ్లగానే రమేష్‌బాబు గొంతు తగ్గించారు. "మాస్టారూ, పిల్లల సెవిన ఓ మాటేసీండి. 'ఏటీ నేదు, ఏటీ సేయించరు' అని రాసీమనండి. ఉన్నమాటే కదా."

"సంతకం పెట్టాను సార్. తూకమేసేటప్పుడు తక్కెడలో వేలు పెట్టకూడదు."

"మీరూ మీ తక్కెడానూ! రేపు బదిలీ అయిపోయి సుద్దముక్క జేబులో ఏసుకుని ఎల్లిపోతారు. ఈ బడి ఇలగే ఉంటాది."

"ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు సార్, మనకే వస్తాది. ఇంతకన్నా లేని బడి జిల్లాలో ఏటుంది?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో గర్వం లాంటిది ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర నోటుబుక్కు తెరిచి పరీక్షనాళికలు, బీకర్లు, బ్యూరెట్లు, స్పిరిట్ దీపాలు అని జాబితా రాసుకున్నారు. చివర్న మెగ్నీషియం తీగ అని రాసి కింద గీత గీశారు. భార్య వడ్డిస్తూ తొంగిచూసింది. "కుక్కర్‌కి గాస్కెట్టు తెమ్మని నెల్లాళ్ల బట్టీ మొత్తుకుంటన్నాను. అదీ ఆ జాబితాలో రాసీండి."

ఆయన నవ్వి అదీ రాశారు. బదిలీ అయ్యేలోగా తన తరగతిలో ఒక్క పిల్లైనా పట్టకారు తన చేత్తో పట్టుకుని ఆ తీగ వెలిగించాలి. ఇన్నేళ్ల తర్వాత ఆయన కోరుకున్నది అదొక్కటే. అది ఎక్కువ కోరికని ఆయనకు అనిపించలేదు.

కాగితాలు రాసే రోజు తొమ్మిదో తరగతిలో అరవై నలుగురు ఉన్నారు. అనూరాధ లోపల పంచుతోంది. మాస్టారు బయటికి వచ్చి వంటశాల అరుగు మీద కూర్చున్నారు. భోజనం వండే అసిరమ్మ వంకాయలు తరుగుతూ తలెత్తింది.

"ఏటి సారూ, ఇక్కడ కూకున్నారు? తరగతిలోంచి తరిమీసినారేటి?"

"పిల్లలు నాకు మార్కులేస్తన్నారు అసిరమ్మా."

"ఓలమ్మో! గుంటలు సారుకి మార్కులెయ్యడమేటి? కలికాలం కాకపోతే. మరైతే నా సాంబారుకీ ఎయ్యమనండి."

"నీకు నెల నెలా వేస్తూనే ఉన్నారు కదే. ఎప్పుడూ 'చాలా బాగుంది' తప్ప ఇంకోటి లేదు."

అసిరమ్మ కత్తిపీట మీద చెయ్యాపింది. "నిజిమేటి? మొన్న పప్పు మాడిపోతే నానే తిన్నేదు. మా కుక్క కూడా మూతి తిప్పీసింది. అదీ బాగున్నాదనే రాసినారేటి?"

"అదీ..." అని మాస్టారు నవ్వబోయారు. నవ్వు పైకి రాలేదు. అరుగు మీంచి లేచి నిలబడ్డారు. అప్పటికే తరగతి గదిలోంచి బెంచీలు జరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నలభై నిమిషాలు పడుతుందని ఆ అమ్మాయి చెప్పింది. చేతి గడియారం చూసుకున్నారు. తొమ్మిది నిమిషాలైంది.

ముందుగా వచ్చింది లీడరు రాధిక. ఊళ్లో కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయి, ఏ పనైనా చక్కబెట్టేసే పిల్ల. ముఖం వెలిగిపోతోంది.

"రాసీసినాం సార్!"

"ఇంత బేగీనా? ప్రశ్నలు చదివారా?"

"సదవక్కర్నేదు కదా సార్." రాధిక కుడి చెవి పట్టుకుని చూపించింది. "తెల్లదీ పసుపుదీ, రెండూ ఒక్క తీరుగ. ఒక్క గడి కూడా తప్పనేదు. మీ పేరు నిలబెట్టీసినాం సార్."

మాస్టారు వరండాలోకి నడిచి కిటికీలోంచి చూశారు. గది ఖాళీగా ఉంది. ఒక్క భరణి మాత్రం మూడో బెంచీలో తల వంచుకుని రాస్తోంది. ధనలక్ష్మి చెల్లెలు. ఒక ప్రశ్న చదివి, పెన్ను పంటి కింద పెట్టుకుని నల్లబల్ల వంక చూసి, మళ్లీ కాగితం వంక చూస్తోంది.

అనూరాధ గుమ్మంలో నిలబడి ఉంది. "మీ పిల్లలు భలే ఫాస్టు సార్. ఒక్క అమ్మాయి మిగిలింది."

చెప్పవలసింది ఒక్క వాక్యం. 'వాళ్లకి అలా రాయమని నేర్పింది నేనే, మళ్లీ రాయించండి.' మాస్టారు ఆ వాక్యాన్ని మనసులో పూర్తిగా కూర్చుకున్నారు. ఈలోగా రమేష్‌బాబు ఆ అమ్మాయికి టీ పట్టుకుని వచ్చారు. ఆ వాక్యం ఆయన ముందు అంటే, అయిదేళ్లుగా పంపిన భోజనం కాగితాలు, నీళ్ల కాగితాలు, మరుగుదొడ్ల కాగితాలు అన్నీ ఏమిటని అడుగుతారు. ఇంకో మెమో వస్తుంది. ఈసారి సంజాయిషీ రాయడానికి తుపాను కూడా ఉండదు.

"మీకు ఆటో వచ్చిందామ్మా?" అని అడిగారు.

భరణి నలభై నిమిషాలూ రాసి బయటికొచ్చింది. పంపు దగ్గర పిల్లలు ఏడిపించారు. "ఏటే, టిక్కు ఎట్టమంటే కథ రాసినావేటి?" అంటే అందరూ నవ్వారు. అనూరాధ కాగితాలు సంచిలో వేసి, మూతికి లక్క అంటించి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

రెండున్నర నెలలు మాస్టారు తనకు తానే రకరకాలుగా చెప్పుకున్నారు. పిల్లలు తొందరలో ఏవో కొన్ని ప్రశ్నలైనా చదివే ఉంటారు. అయినా ఇంత పెద్ద చదువులు చదివినవాళ్లకు తెలియదా, బియ్యం బస్తాలు కళ్లారా చూసి వెళ్లింది కదా. రాతి బల్ల కొలతలు కూడా ఒకరోజు తీసుకున్నారు. దసరా సెలవులకు ముందు జాబితా ఫోనులో వచ్చింది. పన్నెండు బళ్లు. జాలారిమెట్ట లేదు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: లెక్కలోకి తీసుకున్న బళ్లు ముప్పై ఎనిమిది.

నలభై కదా చూసింది, అనుకున్నారు మాస్టారు.

అనూరాధ ట్రస్టు పని మీద రోజూ విజయనగరం నుంచి రైలులో వచ్చి వెళ్తుందని తెలుసు. ఆ సాయంత్రం ఆమదాలవలస వెళ్లి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. ఆమె ఆయన్ని దూరం నుంచే గుర్తుపట్టి, ఒక్క క్షణం ఆగి, దగ్గరికి వచ్చింది.

"మా బడికి ఎంతొచ్చిందమ్మా?" అన్నారు మాస్టారు.

"ఏమీ రాలేదు సార్. సున్నా అని కాదు. లెక్కలోకే తీసుకోలేదు."

సిమెంటు బల్ల మీద కూర్చుని ఆమె సంచిలోంచి ఖాళీ ప్రశ్నాపత్రం ఒకటి తీసింది. "నాలుగో ప్రశ్న చూడండి. 'ప్రయోగాలు మా చేతులతో మేమే చేస్తాం.' అరవై ముగ్గురు కుడి చివరి గడిలో 'ఎల్లప్పుడూ' పెట్టారు. పదకొండోది చూడండి. 'మాస్టారు చెబుతుంటే మేం ఊరికే చూస్తూ కూర్చుంటాం.' దానికీ అరవై ముగ్గురు 'ఎల్లప్పుడూ.' ఇందులో సగం ప్రశ్నలు కావాలనే తిరగేసి పెడతాం సార్, చదివి రాశారో లేదో తెలియడానికి. ఇరవై రెండోది..." ఆమె ఆగింది.

"చదువమ్మా."

"'తప్పు చెబితే మాస్టారు ఎగతాళి చేస్తారు.' ఎల్లప్పుడూ."

మాస్టారు పట్టాల వంక చూశారు. "మెచ్చుకున్నామనుకునే రాసుంటారు."

"అవును సార్. నాకు తెలుసు. మా పరిశోధన గైడు గారికీ చెప్పాను, గదిలో బియ్యం బస్తాలున్నాయని. కళ్లతో చూసింది వేరు, కాగితం మీద ఉన్నది వేరు అన్నారు. ఇంకో బడి కూడా ఇలాగే పోయింది."

"వాళ్లకి నేర్పింది నేనే." ఆ వాక్యం రెండున్నర నెలల తర్వాత బయటికొచ్చింది. మెమో సంగతి, సూత్రం సంగతి, చెవి పట్టుకోవడం సంగతి అన్నీ చెప్పారు. చెబుతుంటే అది పెద్ద విషయంలా కూడా లేదు. "మళ్లీ ఒక్కసారి పెట్టండమ్మా. చదివి రాయమని నేనే చెబుతాను."

"ఆ రోజు గుమ్మం దగ్గర చెప్పుంటే పెట్టేదాన్ని సార్. కాగితాలు అప్పటికింకా నా చేతుల్లోనే ఉన్నాయి."

రైలు ఆలస్యమని మైకులో చెప్పారు. తర్వాత మాస్టారే అన్నారు. "అరవై ముగ్గురన్నారు. అరవై నాలుగో కాగితం?"

అనూరాధ చెప్పాలా వద్దా అని తటపటాయించింది. "పేర్లుండవు సార్. ఒక్కటి మాత్రం పూర్తిగా చదివి రాసింది. నేను చూసిన రెండు వేల కాగితాల్లో అంత శ్రద్ధగా రాసింది ఇంకోటి లేదు. ఎగతాళి ప్రశ్నకి 'అప్పుడప్పుడు' అనుంది. 'నేను చెయ్యెత్తితే మాస్టారు నన్ను అడుగుతారు' అన్నదానికి 'తరచుగా.' అదే మాటకి పసుపు కాగితంలో 'ఎల్లప్పుడూ' పెట్టి, పక్కన ఖాళీలో ఒక ముక్క రాసింది. 'అందరినీ' అని."

"అదొక్కటీ పనికిరాదా?"

"ఒక్క కాగితానికి సగటు తియ్యలేం సార్."

రైలొచ్చింది. ఆ అమ్మాయి ఎక్కుతూ నమస్కారం పెట్టింది. ఆమదాలవలస బజారులో ధాన్యం బస్తాల లారీల మధ్య నుంచి బస్సుస్టాండుకు నడుస్తూ మాస్టారు కుక్కర్ గాస్కెట్టు కొన్నారు. ఆ జాబితాలో చేతికొచ్చింది అదొక్కటే.

మర్నాడు ఉపాధ్యాయుల గదిలో రమేష్‌బాబు అడిగితే ఉన్నదంతా చెప్పారు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. అరవై మూడు కాగితాలు ఒక్క తీరుగా ఉన్నాయనీ, ఒక్కటే వేరుగా ఉందనీ, బడిని లెక్కలోంచి తీసేశారనీ అన్నారు. అసిరమ్మ టీ గ్లాసులు తీసుకెళుతూ విన్నది. సూత్రం సంగతి చెప్పేటప్పటికి ఆమె గుమ్మం దాటిపోయింది.

మధ్యాహ్నానికి కథ బడంతా తిరిగి మరోలా తయారైంది. అరవై ముగ్గురు బాగా రాశారట. ఒకర్తి వేరేగా రాసిందట. అందుకని ల్యాబు పోయిందట. ఆ ఒకర్తి ఎవరో వెతకవలసిన పనిలేదు. నలభై నిమిషాలు కూర్చున్నది ఎవరో అందరూ చూశారు.

"అక్క సారుకి మెమో ఎట్టించినాది, సెల్లి ల్యాబు పోగొట్టినాది" అని పంపు దగ్గర ఎవరో అన్నారు. భరణి సీసా నింపుకోకుండానే వెళ్లిపోయింది.

మాస్టారికి తెలిసేసరికి రెండు రోజులైంది. తరగతిలో నిలబడి గొంతు పెంచి చెప్పారు. "ఒరే, వినండి. ల్యాబు పోయింది ఆ ఒక్క కాగితం వల్ల కాదు. మిగతా అరవై మూడింటి వల్ల. మీ తప్పూ కాదు. కుడి చివరి గడి అని నేర్పింది నేను. నా తప్పు. అర్థమైందా?"

"అర్థమైంది సార్" అని అరవై నాలుగు గొంతులూ అన్నాయి. ఆ జవాబు కూడా ఆయన నేర్పిందే.

బయటికెళుతూ రాధిక పక్క పిల్లతో అంటున్న మాట ఆయన చెవిన పడింది. "మన సారు ఎంత మంచోరో సూడే. ఆ గుంటని ఎనకేసుకొస్తన్నారు. తప్పు తన మీదేసుకుంటన్నారు."

ఆదివారం కళింగపట్నంలో చేపలు కొనడానికి వెళ్లినప్పుడు ధనలక్ష్మి కనిపించింది. ఇసుకలో పరిచిన వలల మీద చేపలు తిరగేస్తోంది. లేచి నిలబడింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, అప్పుడే ముఖం ఎండకు కమిలిపోయింది.

"బాగున్నారా సార్? మా భరణి బడికి రానంటన్నాది. నెల్లాళ్లు ఆగి నాతోపాటు పన్లోకి వస్తాదట. మీరు కోప్పడినారేటి?"

"లేదమ్మా. నేను కోప్పడలేదు."

"అదే నానూ అన్నాను. సారు కోప్పడరే అన్నాను." ఆమె చేపల మీద ఈగలు తోలుతూ అంది. "నన్నూ కోప్పడనేదు కదా."

మాస్టారు "రేపు పంపించు" అన్నారు. ఆ పిల్ల తలూపింది.

భరణి వచ్చింది. మాస్టారు పాఠం మధ్యలో రెండుసార్లు ఆమెను లేపి ప్రశ్న అడిగారు. జవాబు తెలిసిన పిల్ల. రెండుసార్లూ లేచి, నేల చూస్తూ నిలబడి, కూర్చుంది.

ఆ శుక్రవారం పైనుంచి కాగితాల కట్ట వచ్చింది. తాగునీరు, మరుగుదొడ్లు, భోజనం, పాఠాలు. ఇరవై ప్రశ్నలు, ప్రతిదానికీ నాలుగు గడులు. మరుగుదొడ్లకు నెల్లాళ్లుగా నీళ్లు రావడం లేదు. మాస్టారు స్వయంగా పంచారు. రాధిక లేచి నిలబడబోతే చేత్తో ఆపారు.

"ఈసారి చెవులూ గివులూ లేవు. ప్రతి ప్రశ్నా చదవండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎవర్నీ ఏటీ అనను. ఎవరూ ఏటీ అనరు. నిజంగా సెప్తన్నాను."

తరగతి నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. బయటివాళ్లెవరో వరండాలో నిలబడి వింటున్నారు కాబోలు, సారు వాళ్ల కోసం ఇలా అంటున్నారు అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు తలుపు వైపు చూశారు కూడా.

"అలగే సార్" అంది రాధిక, పెదవి బిగపట్టి.

తలలు వంగాయి. పెన్నులు పై నుంచి కిందికి ఒకే వరసలో దిగాయి. మాస్టారు మూడో బెంచీ వైపు చూడకూడదనుకుంటూనే చూశారు. భరణి అందరికన్నా ముందు పెన్ను మూత పెట్టేసింది. లేచి వచ్చి, కాగితం బల్ల మీద పెట్టి, తన చోటుకు వెళ్లి కూర్చుంది.

మరుగుదొడ్లలో నీటి సౌకర్యం: చాలా బాగుంది. పాఠం అర్థమయ్యేలా చెబుతారు: చాలా బాగుంది. ఇరవై టిక్కులూ కుడి చివర, నిట్టనిలువుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి.

మాస్టారు అరవై నాలుగు కాగితాలూ లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి బల్ల చివరికి జరిపారు. గంటకింకా ఇరవై నిమిషాలుంది. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల వైపు తిరిగారు. ఆ రోజు పాఠం ఆక్సిజన్. కుప్పెతో మొదలుపెట్టారు.